రాయి చెక్కుతానంటున్న కొడుకు, అమెరికా పంపాలనుకుంటున్న నాన్న

తాడిపత్రి నుంచి ఒక తండ్రి రాశారు. నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నారు, కొడుకు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్ ముందున్న అట్లాస్ కంచు విగ్రహం ఫొటో చూసి, దాన్ని చేసిన లీ లారీ గురించి చదివి, "నేనూ భవనాలకు శిల్పాలు చేస్తా, అమెరికా పోతా" అని పట్టుబట్టాడట. ఖాళీ దొరికితే ఫ్యాక్టరీలో పారేసిన బండ ముక్కల మీద బొమ్మలు చెక్కుతుంటాడట, పోయిన నెల ఈయన ఉలి లాగేసుకున్నారట. ప్రైవేటు యూనివర్సిటీలో బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చేయించి, ఇల్లు తాకట్టు పెట్టి అమెరికాలో మాస్టర్స్‌కు పంపాలా, లేక కడపలో ఫైన్ ఆర్ట్స్ చేర్పించాలా, పోల్చి చెప్పమన్నారు. ఉత్తరం చివర ఇంకో మాట ఉంది: "నేను బతుకంతా దుమ్ములోనే ఉన్నా సార్, వాడూ ఉలి పట్టుకుంటే నేను సంపాదించి ఏం లాభం?"

అన్నా, మీ అసలు ప్రశ్న ఆ చివరిదే. ధర్మవరం నుంచి మగ్గం నేసేవాళ్లు, ఆళ్లగడ్డ నుంచి శిల్పుల కుటుంబాలవాళ్లు నన్ను అడిగేదీ ఇదే. కోర్సు పేరు మారుతుంది, భయం మాత్రం అదే. మనం పడ్డ కష్టం పిల్లలు పడకూడదన్న మీ కోరికలో తప్పేమీ లేదు. కానీ ఆ భయంతో ఇల్లు తాకట్టు పెట్టేదాకా పోతున్నారే, అక్కడ నేను అడ్డం రాక తప్పదు.

ముందు ఆ లారీ సంగతి చూద్దాం. మీవాడు విగ్రహాన్ని చూశాడు, దాని వెనక నలభై ఏళ్లకు పైగా సాగిన పనిని చూసినట్టు లేడు. లారీ 1877లో జర్మనీలో పుట్టాడు, 1882లో, ఇంకా చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే, అమెరికా చేరి షికాగోలో పెరిగాడు. పద్నాలుగేళ్లకే ఒక శిల్పి దగ్గర పనికి కుదిరాడు. 1893 షికాగో ప్రదర్శన పనుల్లోనూ అతని చెయ్యి ఉంది, వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ జరిగింది ఆ ప్రదర్శన సందర్భంగానే. తర్వాత ఏళ్ల తరబడి పెద్ద శిల్పుల దగ్గర సహాయకుడు. యేల్ యూనివర్సిటీ డిగ్రీ చేతికొచ్చింది 1910లో, అప్పటికే అతను అక్కడ పాఠాలు చెబుతున్నాడు. బెర్‌ట్రామ్ గుడ్‌హ్యూ అనే ఆర్కిటెక్ట్‌తో కలిసి, 1924లో ఆయన చనిపోయేదాకా పనిచేశాడు. నెబ్రాస్కా రాష్ట్ర కాపిటల్, అంటే శాసనసభ భవనం, శిల్పాలు ఆ జోడీ మొదలుపెట్టిన పనే. అట్లాస్ వచ్చింది 1937లో, అప్పటికి మనిషికి అరవై ఏళ్లు. అంటే ముందు పని, తర్వాత పేరు, ఆ మధ్యలో ఎక్కడో డిగ్రీ.

అలా వలస వెళ్లినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇటలీలో కరారా పాలరాయి దొరికే ప్రాంతం నుంచి పిచ్చిరిల్లి కుటుంబం 1888లో న్యూయార్క్ చేరింది, తండ్రి, ఆరుగురు కొడుకులు, అందరూ రాతిపనివాళ్లే. వాషింగ్టన్‌లో కూర్చున్న లింకన్ విగ్రహాన్ని చెక్కింది వాళ్లే, 28 జార్జియా పాలరాతి దిమ్మెలతో. కానీ దాని నమూనా డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్‌ది, లోకానికి తెలిసిన పేరూ ఆయనదే. వియన్నాలో చదివిన కార్ల్ బిట్టర్ 1889లో అమెరికా చేరి, భవనాలకు అలంకారపు పని చేసే ఒక కంపెనీలో పనితో మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో యూరప్ నుంచి వచ్చేవాళ్లకు వీసా అన్న అడ్డంకే లేదు. వీళ్లలో పెద్దయ్యాక ఓడెక్కినవాళ్లంతా చేతిలో పనితోనే ఎక్కారు.

మీవాణ్ని కూర్చోబెట్టి ఒకటి అడగండి. ఈ రంగంలో మూడు పనులున్నాయి. ఊహించి గీసేది ఒకరు, మట్టిలోనో ప్లాస్టర్‌లోనో నమూనా చేసేది ఒకరు, రాతిలో చెక్కేది ఇంకొకరు. లారీ ఎక్కువగా మొదటి రెండు చేశాడు, ఆయన నమూనాల్ని రాతిలోకి దించినవాళ్లలో ఇటలీ నుంచి వలస వచ్చిన పనివాళ్లున్నారు. మీవాడికి ఏది ఇష్టమో వాడికే ఇంకా తెలియకపోవచ్చు. పదిహేడేళ్లకు తెలియకపోతే ఏం కొంప మునగదు, టెన్షన్ పడకండి.

ఇక బీఆర్క్ ప్లస్ అమెరికా మాస్టర్స్. ఇప్పుడు అందరి నోటా ఇదే, నాకు మాత్రం గట్టి అనుమానాలున్నాయి. బీఆర్క్ చెడ్డ కోర్సు కాదు, ఇళ్లు, భవనాలు డిజైన్ చేయాలనుకునేవాడికి మంచి చదువు. కానీ ఐదేళ్లూ ప్లాన్లు, సాఫ్ట్‌వేర్లు, నిర్మాణ నియమాలతోనే గడుస్తుంది, ఉలి పట్టే పని దాదాపు ఉండదు. లారీ ఆర్కిటెక్ట్ కాదు, ఆర్కిటెక్ట్ పక్కన నిలబడ్డ శిల్పి. పైగా లారీ కాలం నాటి అమెరికా ఇప్పుడు లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అద్దాలు, కాంక్రీటు భవనాలు వచ్చాక గోడల మీద శిల్పం అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు. అక్కడ శిల్పంలో మాస్టర్స్ చేస్తే ఉద్యోగం చేసుకోవడానికి ఏడాది గడువు దొరుకుతుంది, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సులవాళ్లకుండే అదనపు రెండేళ్లు దానికి ఉండవు. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ. శిల్పికి ఆ వీసా పెట్టించి ఉద్యోగమిచ్చే కంపెనీని మీరు చూపించండి, నేను ఇవాళే ఒప్పుకుంటా. ఆలయ పనుల పేరుతో పిలిచే ఏజెంట్లను కూడా నమ్మకండి. న్యూజెర్సీలో ఒక ఆలయ నిర్మాణానికి మతపరమైన వీసాల మీద వెళ్లిన మనవాళ్లు, మాకు నామమాత్రపు కూలి ఇచ్చారంటూ 2021లో కోర్టుకెక్కారు. కాగితంలో పని ఏంటి, జీతం ఎంత అని చదవకుండా ఎవరూ విమానమెక్కకూడదు.

ఇంకో సంగతి కూడా వాడికి చెప్పండి. హవాయిలో కట్టిన ఇరైవన్ శివాలయం రాళ్లను బెంగళూరు దగ్గర చెక్కి ఓడల్లో పంపారు. తాడిపత్రి నుంచి బెంగళూరు ఎంత దూరం? విదేశాల్లో నిలబడే శిల్పం చేయాలంటే విదేశంలోనే బతకాలని లేదు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతా, ఏమనుకోవద్దు. మీ ఇంట్లో అన్నం పెడుతున్నది రాయి, ఆ రాయిని ముట్టుకున్నందుకు కొడుకు చేతిలోంచి ఉలి లాక్కున్నారు. మీ బండ పొరలు పొరలుగా లేస్తుంది, లోతుగా చెక్కితే పెళ్లలు ఊడిపోతాయి, దాని మీద పలచగా బొమ్మ తేవడమంటే చేతికి అదుపు ఉండాలి. ఎవరూ నేర్పకుండా వాడు అది నేర్చుకుంటున్నాడు. మీ ఊళ్లోనే, పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలో పూర్తికాని గోపురాలున్నాయి, వాటి కింది గోడల నిండా శిల్పమే. లీ లారీ చేసిన తరహా పనే అది. మీరు వాణ్ని అక్కడికి తీసుకెళ్లి ఎన్నాళ్లయింది? బంధువుల అబ్బాయి డాలస్‌లో ఉన్నాడని రెండుసార్లు రాశారు, మీ అబ్బాయి ఏం చెక్కుతాడో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

దుమ్ము గురించి మీ భయం మాత్రం నిజం, దాన్ని కొట్టిపారేయను. ముఖ్యంగా గ్రానైట్ దుమ్ములో సిలికా ఎక్కువ, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. నీళ్లు పోస్తూ కోయడం, దుమ్ము లాగే ఫ్యాను, ముఖానికి సరిపోయే మాస్కు, ఇవి వాడికి మొదటి రోజు నుంచీ అలవాటు కావాలి. మీ ఫ్యాక్టరీలోనూ పెట్టించండి, అక్కడ కూలీలు కూడా ఎవరో ఒకరి పిల్లలే. మొరటు కోత చాలావరకు ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు చేస్తున్నాయి, ముఖం, వేళ్లు, బట్ట మడతలు మనిషి చేతికే మిగిలాయి. కాబట్టి మీరు పడ్డంత దుమ్ము వాడు పడాల్సిన పనిలేదు.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెప్తా. వాడికి చెక్కడమే ఇష్టమైతే తిరుపతిలో టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ ఉంది, నాలుగేళ్ల డిప్లొమా, పదో తరగతి అర్హత చాలు, రాతి శిల్పం, ఆలయ నిర్మాణం విడివిడిగా నేర్పుతారు. బొమ్మ గీయడం, నమూనా చేయడం, డిగ్రీ కూడా కావాలంటే కడప ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, ఇంటి నుంచి దగ్గర, ఖర్చు మీ చేతిలో ఉంటుంది. మహాబలిపురం ప్రభుత్వ కాలేజీ కూడా మంచిదే, భాషకు కాస్త ఓపిక పట్టాలి. మీ పరిస్థితికి నేను కడపనే ముందు పెడతా, సెలవుల్లో ఆళ్లగడ్డలో ఒక శిల్పి దగ్గర పని నేర్చుకోవాలన్న షరతుతో. డిగ్రీ అయ్యాక, చేసిన పనుల ఫొటోలతో, స్కాలర్‌షిప్ వస్తే అమెరికా గురించి అప్పుడు కూర్చుని మాట్లాడదాం. వాడికప్పటికి ఇరవై ఒకటో ఇరవై రెండో, ఆలస్యమేమీ కాదు.

లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకండి. పరీక్షలయ్యాక వాణ్ని ఆళ్లగడ్డ తీసుకెళ్లి, ఒక రోజంతా ఏదైనా శిల్పశాలలో కూర్చోబెట్టండి. వాడి ప్రశ్నలు వాణ్నే అడగనివ్వండి, మీరు పక్కనుండి జవాబులు చెప్పొద్దు. ఆ ఉలి మాత్రం ఈ రోజే ఇచ్చేయండి అన్నా.