డెత్ కార్డు వారంలో రెండుసార్లు వస్తే

రోజూ పొద్దున ఒక టారో కార్డు (జోస్యానికి వాడే బొమ్మల పేకలోది) తీస్తున్నాననీ, ఈ వారం డెత్, అంటే మృత్యువు కార్డు, రెండుసార్లు వచ్చిందనీ, మంచి కార్డు వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీస్తూ టెన్షన్ పడుతున్నాననీ రాశారు.

ముందు లెక్క చూడండి. పేకలో 78 కార్డులు. రోజుకొకటి తీసి మళ్లీ కలిపేస్తే, ఏడు రోజుల్లో ఏదో ఒక కార్డు రెండోసారి రావడానికి సుమారు 24 శాతం అవకాశం ఉంది. అది డెత్ అయింది కాబట్టి మీకు గుర్తుండిపోయింది. అదే సన్, అంటే సూర్యుడి కార్డు అయితే ఇక్కడ అడిగేవారా?

మీ దగ్గరున్నది 1909 నాటి రైడర్ పేక అన్నారు కదా, పమేలా కోల్మన్ స్మిత్ వేసిన బొమ్మలు. ఆ కార్డునే ఎదురుగా పెట్టుకోండి. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం, కింద పడిపోయిన రాజు, ముఖం తిప్పుకున్న అమ్మాయి, గుర్రం వైపు చూస్తున్న పసివాడు, వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు. మీ చూపు మొదట ఎవరి మీద ఆగింది? పేకతో వచ్చే, కార్డుల అర్థాలు చెప్పే చిన్న పుస్తకం తెరవకముందే దాని గురించి నాలుగు వాక్యాలు రాయండి. నాకైతే ఎప్పుడూ ఆ తల తిప్పుకున్న అమ్మాయే కనిపిస్తుంది, ఎందుకో నాకు తెలుసు లెండి.

ప్రశ్న కూడా మార్చండి. "ఉద్యోగం వస్తుందా?" అని అడిగితే అది చిలక జోస్యమే. "ఈ ఇంటర్వ్యూలో నన్ను భయపెడుతున్నదేంటి?" అని అడగండి. రోజుకు ఒక్క కార్డే, రెండోది తీయొద్దు. అప్పటికీ గుండె దడ తగ్గకపోతే ఓ నెల పేక పక్కన పెట్టి ఉత్త డైరీ రాయండి. ఒరాకిల్ కార్డులు (టారో కాని మరో రకం జోస్యం పేక) కొనాలా అన్నారు, ఇప్పుడే వద్దండీ.