గొణగడానికి ఒకటి, సణగడానికి ఇంకొకటి

మాట్లాడే తీరులను తెలిపే స్పానిష్ క్రియలను ఆంగ్ల అర్థాలతో బట్టీ పడుతున్నానని, వారం తిరగకుండానే అవన్నీ కలగలిసిపోతున్నాయని మీరు రాశారు. మాడ్రిడ్‌లో చదువుకున్న రెండేళ్లలో తొలి ఆరు నెలలూ నాది కూడా ఇదే ఇబ్బంది. ఆంగ్లాన్ని పక్కన పెట్టి, ఒక్కొక్క క్రియకూ తెలుగులో జోడు వెతకడం మొదలుపెట్టాకే అవి నాకు నిలిచాయి.

పళ్ల మధ్యనే మాటను నలిపేస్తూ గొణగడాన్ని ‘మస్కుయార్’ అంటారు. నమలడమనే అర్థమున్న ‘మస్కార్’తో దానికి చుట్టరికం ఉంది. మన ‘నీళ్లు నమలడం’ జవాబు దాటవేయడాన్ని చెబుతుంది కనుక దీనికి పూర్తిగా సరిపోదు గాని, నమలడమనే ఊహ రెండు చోట్లా ఒకటే. ఇష్టం లేని పని చేస్తూ సణగడం మాత్రం ‘రెఫున్‌ఫుఞార్’. ముక్కుతో పలికే ఆ ధ్వనిలోనే విసుగంతా వినిపిస్తుంది. గొణుగుడుకూ సణుగుడుకూ ఉన్న తేడా మనకు చిన్ననాటి నుంచీ తెలిసిందే కాబట్టి, ఈ రెండింటినీ నేను మళ్లీ తారుమారు చేయలేదు.

‘కొతొర్రెయార్’ను నాకు నేర్పినవి చిలుకలు. దక్షిణ అమెరికా నుంచి పెంపుడు పక్షులుగా వచ్చిన ఆకుపచ్చ చిలుకల సంతతి మాడ్రిడ్‌లోని కాసా దె కాంపో పార్కులో గుంపులుగా గూళ్లు కట్టుకుని రోజంతా గోల చేస్తుంటుంది. ఆ చిలుక పేరు ‘కొతొర్ర’. దాని పేరు మీదుగానే ఎడతెగని లొడలొడ మాటలకు ఆ క్రియ ఏర్పడింది.

‘ముర్మురార్’ విషయంలో జాగ్రత్త అవసరం. అది మెల్లగా మాట్లాడటమే అనుకుని, వెనక బెంచీలో గుసగుసలాడుతున్న ఇద్దరు సహాధ్యాయుల గురించి తరగతిలో ఆ మాట వాడాను. చాటున ఒకరి గురించి చెడు చెప్పుకోవడమనే అర్థం కూడా దానికి ఉండటంతో వారు నొచ్చుకున్నారు. పక్కవారికి వినబడకుండా చెవిలో చెప్పుకునే గుసగుసకు ‘కుచిచెయార్’ అనే వేరే క్రియ ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘తుతెయార్’. ఎదుటివారిని ‘ఉస్తెద్’ అని మన్నించకుండా ‘తు’ అని ఏకవచనంలో పిలవడాన్ని ఆ ఒక్క క్రియ చెబుతుంది. డెబ్భై ఏళ్లు దాటిన మా ఇంటి యజమానురాలు, నేను చేరిన వారానికే తనను అలా పిలవమని అడిగారు. అంత పెద్దావిడను ‘నువ్వు’ అనడానికి నాకు మరో నెల పట్టింది.