పొగగొట్టం లేని మంటకు గాలి దారి

తల్లీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. గోడలో ఆ గ్యాస్ ఫైర్‌ప్లేస్ చూడముచ్చటగా ఉంది. పొగగొట్టం అక్కర్లేదనీ, పొగ పోవడానికి గోడకు రంధ్రం పెట్టే పని లేదనీ, వేడంతా ఇంట్లోనే ఉంటుందనీ అమ్మినవాళ్లు చెప్పారని రాశావు. ఆ మూడూ నిజమే. వాళ్లు చెప్పని నాలుగో మాట ఒకటుంది. వేడితో పాటు ఆ మంట వదిలేదంతా కూడా ఇంట్లోనే ఉంటుంది. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంది కాబట్టి దీని గురించి వివరంగా రాయకుండా ఉండలేకపోతున్నాను.

గ్యాస్ కాలినప్పుడు గదిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, కొంత నైట్రోజన్ డయాక్సైడ్ వస్తాయి. గాలి చాలక మంట సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత మొదలవుతాయి. మనిషి ఒంట్లో బాగాలేదనుకుని అదే గదిలో పడుకుంటాడు. నాకు భయం అక్కడే.

ముందు గదిని కొలవండి. అమెరికాలో ఇలాంటి పొయ్యిలు ఎక్కువ, అక్కడి గ్యాస్ భద్రతా నియమాల పుస్తకం నేషనల్ ఫ్యూయల్ గ్యాస్ కోడ్ చెప్పే లెక్క తేలికైనది. పొయ్యి గంటకు కాల్చే ప్రతి 1,000 బీటీయూలకు (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) గదిలో 50 ఘనపుటడుగుల చోటు ఉండాలి. మీ హాలు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు అన్నావు. గుణిస్తే 1,440 ఘనపుటడుగులు. పొయ్యి 30,000 బీటీయూలది, దానికి 1,500 కావాలి. అంటే 60 తక్కువ. తలుపు లేకుండా ఎప్పుడూ తెరిచే ఉండే దారి పక్క గదిలోకి ఉంటే ఆ గదిని కూడా కలుపుకోవచ్చు. తలుపున్న గదిని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, చలి రోజున ఎవరో ఒకరు దాన్ని మూసేస్తారు. అదే చోటులో వంట గ్యాస్ స్టవ్ ఉంటే దాని బీటీయూలు కూడా కలపాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

ఈ లెక్క ఒక నమ్మకం మీద నడుస్తుంది. కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి కొంత గాలి దానంతటదే వచ్చి పోతుంటుందని ఆ నమ్మకం. గంటకు ఇంటి గాలిలో 0.40 వంతు కూడా మారనంత బిగుతైన ఇళ్లకు ఈ లెక్క వాడకూడదని అదే కోడ్ చెబుతుంది. మీ కిటికీలు రెండు పొరల అద్దాలవి, చుట్టూ రబ్బరు పట్టీలు ఉన్నాయి. కాబట్టి గది సరిపోయినా మీకు బయటి గాలి కావాల్సిందే.

నా పనిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక ఇంట్లో ఇలాంటి పొయ్యిని ఏటా నేనే శుభ్రం చేసేవాణ్ని, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఒక ఏడాది చలికాలంలో వాళ్లు ఫోన్ చేశారు. సాయంత్రమయ్యేసరికి అందరికీ తలనొప్పి, అద్దాల మీద నీళ్లు ధారలు కడుతున్నాయి. వెళ్లి చూస్తే పొయ్యిలో లోపమేమీ లేదు. ఆ వేసవిలో కిటికీలన్నీ కొత్తవి వేయించుకున్నారు. అంతకుముందు చలికాలం వరకు సందుల్లోంచి వచ్చిన గాలే వాళ్లను కాపాడింది. ఇంట్లో ఏమైనా మార్చారా అని వేసవి తర్వాత నేనే అడిగి ఉండాల్సింది, అడగలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అప్పటినుంచి ఎవరింటికి వెళ్లినా మొదట కిటికీలు చూసి, తర్వాతే పొయ్యి చూస్తున్నాను.

అద్దాల మీద ఆ నీళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. 30,000 బీటీయూల మంట గంటసేపు మండితే ఇంచుమించు లీటరు నీటిని ఆవిరిగా గదిలోకి వదులుతుంది. కిటికీ చెమ్మగిల్లిందంటే పాతగాలి బయటికి పోవడం లేదని అర్థం. గోడ మూలల్లో బూజు కూడా దీనివల్లే పడుతుంది.

ఇక బయటి గాలికి దారి. హాలు గోడకు రెండు రంధ్రాలు పెట్టించండి. ఒకటి నేలనుంచి 12 అంగుళాల లోపు, రెండోది పైకప్పునుంచి 12 అంగుళాల లోపు. నేరుగా బయటికి తెరుచుకునేవైతే ప్రతి 4,000 బీటీయూలకు ఒక చదరపు అంగుళం చొప్పున, మీకు ఒక్కోటి 7.5 చదరపు అంగుళాలు కావాలి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది గాలి నిజంగా దూరే ఖాళీ, జాలీ కొలత కాదు. ఎంత ఖాళీ ఉందో తయారీదారు రాయకపోతే లోహపు జాలీలో 75 శాతం, చెక్క జాలీలో 25 శాతమే ఖాళీ అని లెక్కవేస్తారు. చెక్కది అందంగా ఉంటుందని పెట్టించుకుంటే నాలుగు రెట్లు పెద్దది కావాలి. దోమలకని సన్నటి వల బిగించకండి, దుమ్ముతో పూడుకుపోతుంది. వల కన్ను పావు అంగుళానికి తగ్గకూడదు. బయటివైపు మొక్కల కుండీలు, పెట్టెలు అడ్డంగా రాకుండా చూసుకోండి. చలిగాలి వస్తోందని లోపలినుంచి గుడ్డలు కుక్కే పని అసలు చేయొద్దు.

రంధ్రాలు పెట్టినా సరే, మంట వెలుగుతున్నంతసేపూ ఒక కిటికీ అంగుళం మేర తెరిచి ఉంచండి. వేడి కొంత పోతుంది, పోనివ్వండి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్, బాత్రూమ్ ఫ్యాన్ అదే సమయంలో తిరుగుతుంటే కిటికీ ఇంకాస్త తెరవాలి. అవి గాలిని బయటికి తోస్తుంటే ఆ లోటు పూడ్చడానికి వచ్చే గాలికి దారి ఉండాలి కదా.

పొయ్యిలో ఆక్సిజన్ సెన్సార్ ఉందని ధైర్యంగా రాశావు. అది మంచిదే, కానీ దాని పని ఏమిటో తెలుసుకో. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 18 శాతం దగ్గరికి పడిపోతే, పెద్ద మంటను అంటించే చిన్న పైలట్ మంట పక్కకు లేచిపోయి, దాని వేడి సెన్సార్‌కు తగలక గ్యాస్ ఆగిపోతుంది. అది కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవదు, తేమను కొలవదు. అందం కోసం లోపల పెట్టే సిరామిక్ దుంగలు కదిలి మంట వాటికి తగిలి మసి పడుతుంటే దానికి తెలియదు.

అందుకే విడిగా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి హాల్లో, ఒకటి పడుకునే గదుల దగ్గర పెట్టండి. అది కూడా ఆఖరి రక్షణే. అమెరికా ప్రమాణం ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ 70 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 70 వంతులు, ఉన్నప్పుడు అలారం మోగడానికి గంటనుంచి నాలుగు గంటల వరకు పట్టవచ్చు. అంతకంటే తక్కువ మోతాదు పసిబిడ్డను ఇబ్బంది పెట్టినా అది మౌనంగానే ఉండవచ్చు. మోగితే మాత్రం టెన్షన్‌లో కిటికీలు తెరుస్తూ నిలబడకండి. బిడ్డను ఎత్తుకుని అందరూ బయటికి వచ్చేయండి, బయటినుంచే ఫోన్ చేయండి.

రాత్రంతా వెలిగించుకుని పడుకోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంటికి వచ్చిన రోజు అసలు వెలిగించొద్దు, నైట్రోజన్ డయాక్సైడ్ వాళ్లకు పడదు. సిరామిక్ దుంగలు మాన్యువల్‌లో చూపిన చోటే ఉండాలి, అందం కోసం ఒక్క అంగుళం కూడా జరపకండి. మసి కనిపించినా, వింత వాసన వచ్చినా ఆపేసి మనిషిని పిలవండి. ఏటా చలికి ముందు పైలట్ దగ్గర దుమ్ము తీయించండి.

నాకు ఇప్పుడు మూడు సంగతులు కావాలి. పొయ్యి మీద అతికించిన, బీటీయూలు రాసి ఉండే రేటింగ్ ప్లేట్ ఫోటో, హాలు నుంచి పక్క గదిలోకి ఉన్న దారికి తలుపుందో లేదో, బయటి గోడ ఎటువైపు ఉందో. అవి పంపితే రంధ్రాలు ఎక్కడ పెట్టాలో గీసి పంపుతాను. ఆ పని పూర్తయ్యేదాకా దాన్ని వెలిగించకండి. అల్లుడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు.

మీ బాబాయి