అడ్తి దుకాణం లెక్కలు ఫాక్స్‌ప్రో (పాత డేటాబేస్ ప్రోగ్రామ్) నుంచి పైథాన్‌కు మార్చాక బాకీ ఎక్కువ చూపిస్తోందా?

తప్పు మీ కూడికలో కాదన్నా. ఎప్పుడో కొట్టేసిన తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) మళ్లీ లేచి వచ్చి ఉంటాయి.

ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొడితే రికార్డు ఫైల్‌లోంచి పోదు. దాని మొదటి బైట్‌లో ఖాళీ (స్పేస్) గుర్తుకు బదులు నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. పాత ప్రోగ్రామ్‌లో ‘సెట్ డిలీటెడ్ ఆన్’ ఉంటే అవి కనబడవు. డీబీఎఫ్ (ఫాక్స్‌ప్రో డేటా ఫైల్) చదివే కోడ్ మీరు సొంతంగా రాసుకుని ఉంటే, అది ఈ బైట్‌ను చూడకుండా దాటేస్తున్నట్టుంది.

1. ముందు ఫోల్డర్ మొత్తం కాపీ తీసుకోండి. ఎఫ్‌పీటీ ఫైళ్లు వదలొద్దు, మెమోలో రాసినవన్నీ వాటిలోనే ఉంటాయి.
2. ప్రతి రికార్డు మొదటి బైట్ చూడండి. నక్షత్రం ఉంటే (హెక్స్‌లో 2ఏ) వదిలేయండి. స్పేస్ ఉంటే (హెక్స్‌లో 20) తీసుకోండి. అందరూ మర్చిపోయేది ఇదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం లెక్కలు మార్చేటప్పుడు నేనూ మర్చిపోయి, మిర్చి సీజన్‌లో రెండు రోజులు టెన్షన్ పడ్డాను.
3. ఒక్క రైతు ఖాతా తీసి, పాత స్క్రీన్ పక్కన పెట్టి వరుసగా సరిచూడండి. మొత్తాలు తర్వాత.

‘ప్యాక్’ (నక్షత్రం పడిన రికార్డులను ఫైల్‌లోంచి పూర్తిగా తీసేసే కమాండ్) కొట్టమని ఎవరైనా చెప్తే కాపీ మీదే కొట్టండి. అది కొట్టాక పోయినవి తిరిగి రావు.