ముందు డిస్కు సంగతి చూడు, ఎమ్యులేటర్ సంగతి తర్వాత

చిరంజీవి హారికకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. డక్‌స్టేషన్ (పాత ప్లేస్టేషన్ గేమ్‌లని కంప్యూటర్‌లో నడిపించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్) తెరుచుకుంటోంది, గేమ్ మీద నొక్కితే మాత్రం నల్లటి తెర తప్ప ఏమీ రావడం లేదు. దాన్ని తీసేసి ఇంకో ఎమ్యులేటర్ వేశావు, అదీ పనిచెయ్యలేదు, ఇప్పుడు మూడోదాని కోసం వెతుకుతున్నావు. ఆ వెతుకులాట ఆపెయ్. పాత ప్లేస్టేషన్ గేమ్ కంప్యూటర్‌లో నడవకపోతే చాలాసార్లు తప్పు ఎమ్యులేటర్‌ది కాదు, దానికి మనం ఇచ్చిన ఫైల్‌ది. ఫైల్ బాగుంటే పనిచేసేదే ఇది. ఫైల్ చెడిపోతే ఎన్ని ఎమ్యులేటర్లు మార్చినా అంతే.

గ్రాఫిక్స్ కార్డు కొనాలేమోనని అమ్మను అడిగావట. అక్కర్లేదు. 1994లో జపాన్‌లో విడుదలైన ఆ మెషిన్ ప్రాసెసర్ వేగం 34 మెగాహెర్ట్జ్ లోపే, ర్యామ్ 2 మెగాబైట్లు. నీ కాలేజీ ల్యాప్‌టాప్‌కి అది లెక్కలోకి రాదు. కొనాల్సింది ఒక్క యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ మాత్రమే, ఎందుకంటే డిస్కుల్ని నువ్వే చదివించి ఫైల్‌గా మార్చుకోవాలి. నెట్‌లో ఎవరో పెట్టిన ఫైల్ దించుకోవద్దు. దాంట్లో ఏముందో తెలియదు, గేమ్ అని చెప్పి ఈఎక్స్ఈ ఫైల్ (నొక్కగానే నడిచే ప్రోగ్రామ్) అంటగట్టేవాళ్లు చాలామంది ఉంటారు. పైగా మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, ప్రోగ్రామ్ కాపీ న్యాయంగా తన దగ్గరున్న మనిషి అది పాడైపోకుండా బ్యాకప్ తీసుకోవచ్చంటుంది. ఎవరిదో దించుకోవడం ఆ మినహాయింపు కిందికి రాదు.

నేనిచ్చిన పెట్టెలో రెండు రకాల డిస్కులున్నాయి. డిస్కు కింది వైపు నల్లగా ఉన్నవి ఒరిజినల్స్. మిగతావి ఆ రోజుల్లో గేమ్ పార్లర్లలో చేతులు మారిన కాపీలు, వాటి జోలికి వెళ్లకు. ఇంట్లో రాసిన సీడీల్లోని రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ఇక ఆ నలుపు చూసి డ్రైవ్ చదవదేమో అనుకోకు. అది మన కంటికే నలుపు. సీడీ డ్రైవ్ వాడే లేజర్ ఇన్‌ఫ్రారెడ్, దానికి ఆ ప్లాస్టిక్ అడ్డు కాదు.

తుడిచేటప్పుడు మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడువు. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత ట్రాక్ వెంటే సాగుతుంది, డ్రైవ్ దాన్ని సర్దుకోలేదు. అందరూ కింది వైపు గీతల గురించి టెన్షన్ పడతారు కానీ, బొమ్మ ఉన్న పై వైపే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి. డేటా ఉన్న పొర ఆ బొమ్మకి సరిగ్గా కిందే, పల్చటి లక్క పూత చాటున ఉంటుంది. అక్కడ గీసుకుంటే ఇక బాగుచేయలేం. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. ఆ డిస్కుల వయసు ఇప్పటికే నీ వయసు కంటే ఎక్కువ, అందుకే ఈ సెలవుల్లోనే అన్నీ చదివించెయ్ అంటున్నాను.

ఇప్పుడు అసలు విషయం. డిస్కుని ఐఎస్ఓ ఫైల్‌గా మార్చొద్దు. నువ్వు చేసింది అదేనని నా అనుమానం. డిస్కు మీది డేటా సెక్టార్లనే చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ఐఎస్ఓలో ఒక్కో సెక్టారు నుంచి 2048 బైట్లే వస్తాయి. ప్లేస్టేషన్ డిస్కు మీద సెక్టారు 2352 బైట్లు. వీడియోలు, కొన్ని మాటలు, పాటలు ఉన్న సెక్టార్లలో 2048 కంటే ఎక్కువే నింపారు, ఐఎస్ఓ చేస్తే అవి తెగిపోతాయి. రిడ్జ్ రేసర్ లాంటి గేమ్‌లో సంగీతం మామూలు ఆడియో సీడీలో లాగే వేరే ట్రాకులుగా ఉంటుంది, ఐఎస్ఓలో ఆ ట్రాకులే ఉండవు. అందుకని డిస్కు చదివే ఇమ్గ్‌బర్న్ అనే ప్రోగ్రామ్‌లో బిన్, క్యూ అనే రెండు ఫైళ్లు జంటగా వచ్చేలా చదివించు. వేగం తగ్గించి పెట్టు. మధ్యలో రీడ్ ఎర్రర్ వస్తే దాటవేయమని చెప్పకుండా, ఆపి, తుడిచి మళ్లీ చదివించు.

బిన్‌లో డేటా మొత్తం ఉంటుంది. క్యూ చిన్న టెక్స్ట్ ఫైల్, ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలోనే బిన్ పేరు కనిపిస్తుంది. నువ్వు ఫోల్డర్‌ని అందంగా సర్దుదామని బిన్ పేరు మార్చి, క్యూలో మార్చకపోతే గేమ్ తెరుచుకోదు. పేరు మారిస్తే రెండు చోట్లా మార్చు. ఎమ్యులేటర్‌లో తెరవాల్సింది క్యూ ఫైల్‌నే.

చదివించాక అది సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి రీడంప్ అనే డేటాబేస్ ఉంది. ఎందరో తమ డిస్కుల్ని జాగ్రత్తగా చదివి, ఒక్కో డిస్కు హ్యాష్ (డేటా మొత్తం నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) నమోదు చేసి పెట్టారు. నీ ఫైల్ హ్యాష్ దాంతో కలిస్తే ఒక్క బైటు కూడా తేడా లేనట్టే. ఈ పని చేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం. కంపెనీలు వదిలేసిన గేమ్‌లని కూడా వీళ్లు వదల్లేదు. హ్యాష్ కలిశాక సీహెచ్‌డీ ఫైల్‌గా కుదించుకో, చోటు కలిసొస్తుంది, నాణ్యత ఏమీ తగ్గదు.

బయోస్ గురించి ఒక మాట. అది మెషిన్ లోపలి చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రామ్, సోనీ సొత్తు, డక్‌స్టేషన్‌కి అది తప్పనిసరి. నా మెషిన్ నుంచి తీసి ఉంచాను. మెషిన్ కూడా ఇక నీదే కాబట్టి రెండూ కలిపి పంపుతాను. ఫైల్ సరిగ్గా 5,24,288 బైట్లు ఉండాలి, ఒక్కటి అటూ ఇటూ అయినా వాడకు.

డిస్కు మీద కోడ్ చూడు. ఎస్‌ఎల్‌ఈఎస్, ఎస్‌సీఈఎస్ అని మొదలైతే యూరప్ కోసం చేసిన పాల్ (అక్కడి టీవీ పద్ధతి) డిస్కు, ఎస్‌ఎల్‌యూఎస్, ఎస్‌సీయూఎస్ అయితే అమెరికాది. మన దగ్గరున్న ఒరిజినల్స్ అన్నీ పాల్‌వే. అవి సెకనుకు 50 సార్లు తెర మారుస్తాయి, అమెరికావి 60 సార్లు. నీ స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో అదే గేమ్ కాస్త చురుగ్గా ఉందని అనుమానపడకు. పాల్ డిస్కుల్లో ఇంకో చిక్కుంది. 2000లో వచ్చిన స్పైరో: ఇయర్ ఆఫ్ ది డ్రాగన్ లాంటి కొన్నింట్లో లిబ్‌క్రిప్ట్ అనే కాపీ రక్షణ పెట్టారు. దాని గుర్తులు సబ్‌చానల్‌లో, అంటే మామూలు డేటా పక్కన ఉండే అదనపు సమాచారంలో ఉంటాయి, బిన్‌లోకి రావు. అలాంటి గేమ్‌లకి ఆ గుర్తులుండే ఎస్‌బీఐ అనే చిన్న ఫైల్ పక్కన పెట్టకపోతే గేమ్ మధ్యలో నిలిచిపోతుంది. స్పైరో చివరికి ఉంచుకో.

కంట్రోలర్ బటన్లు పలకకపోతే అనలాగ్ మోడ్ ఆపి చూడు. అనలాగ్ కర్రలున్న డ్యూయల్‌షాక్ కంట్రోలర్ 1997లో వచ్చింది, అంతకుముందు గేమ్‌లలో కొన్నింటికి అనలాగ్ కర్రలంటే తెలియదు.

ఆట దాచుకునేటప్పుడు మెమరీ కార్డులోనే సేవ్ చెయ్యి. సేవ్ స్టేట్ (ఆట ఉన్నదున్నట్టు ఎమ్యులేటరే దాచడం) ఒక్క బటన్‌తో అయిపోతుంది, హాయిగా ఉంటుంది, కానీ ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వేశాక అది తెరుచుకోకపోవచ్చు. మెమరీ కార్డు ఫైల్ 128 కిలోబైట్లు, అందులో 15 బ్లాకులు, దాదాపు ఏ ఎమ్యులేటర్ అయినా చదువుతుంది. ఫైనల్ ఫాంటసీ 8 నాలుగు డిస్కుల గేమ్. అలాంటివాటికి డిస్కుల పేర్లన్నీ వరుసగా రాసి ఒక ఎమ్3యూ ఫైల్ చేసుకుంటే, డిస్కు మార్చమన్నప్పుడు సేవ్ పోకుండా మారుతుంది.

తెర మీద కనిపించే బొమ్మ విషయంలో నా మాట విను. మొదటిసారి ఏ సెట్టింగూ ముట్టుకోకుండా, 4:3 తెర మీదే ఆడు. ఆ గేమ్‌లు చాలావరకు 320 అడ్డం, 240 నిలువు చుక్కల తెర కోసం చేసినవి. గోడలు, నేల వణుకుతున్నట్టు కనిపిస్తాయి. అది నీ ల్యాప్‌టాప్ లోపం కాదు. ప్లేస్టేషన్ గ్రాఫిక్స్ చిప్ బిందువుల స్థానాలని పూర్ణాంకాల్లోనే లెక్కిస్తుంది, దూరాన్ని బట్టి టెక్స్చర్‌ని (గోడల మీద, నేల మీద అతికించే బొమ్మని) సరిచెయ్యదు. ఎమ్యులేటర్‌లో పీజీఎక్స్‌పీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఆ వణుకు చాలావరకు తగ్గుతుంది, రిజల్యూషన్ పెంచితే అంచులు పదునెక్కుతాయి. అదంతా బాగానే ఉంటుంది, చేసుకో. కాకపోతే అసలు ఎలా ఉండేదో తెలిశాకే చెయ్యి, లేకపోతే ఏది గేమ్ చేసినవాళ్ల పనో, ఏది నీ సెట్టింగ్ పనో తెలియదు.

ప్లేస్టేషన్ 2 గురించి అడిగావు. దానికి పీసీఎస్‌ఎక్స్2 అనే ఎమ్యులేటర్ ఉంది, దానికి మాత్రం ల్యాప్‌టాప్ కొంచెం గట్టిదై ఉండాలి. అది మొదలుపెట్టినప్పుడు హనుమాన్: బాయ్ వారియర్ డిస్కు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు. 2009లో వచ్చింది, చేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్. మన తెలుగు నేల మీద తయారైన గేమ్ పాడైపోకుండా మన ఇంట్లో ఒక కాపీ ఉండాలని నా కోరిక.

డ్రైవ్ వచ్చాక ఒకే డిస్కు ఉన్న గేమ్‌తో, టెక్కెన్ 3తో మొదలుపెట్టు. చదివించగానే ఎమ్యులేటర్ తెరవకుండా ముందు ఆ క్యూ ఫైల్ నాకు వాట్సాప్‌లో పంపు, బిన్ ఫైల్ సైజు కూడా రాయి. చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య