అమ్మ ఇంటికి కెమెరాలు పెట్టించే ముందు

బుజ్జీ,

నువ్వు పంపిన లింకులు చూశాను. వస్తువులు మంచివే, ధరలూ ఫర్వాలేదు. కానీ కొనడం ఇంకో రెండు వారాలు ఆపు. "ఏ కెమెరా కొనాలి మావయ్యా" అని అడిగావు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ కెమెరా దేన్ని చూడాలన్నది. అది తేలకుండా నాలుగు కెమెరాల సెట్టు తెప్పిస్తే, బిగించడానికి వచ్చిన కుర్రాడు ఇంటి నాలుగు మూలలా నాలుగు పెట్టి వెళ్లిపోతాడు. ప్రహరీ కనిపిస్తుంది, కొబ్బరి చెట్లు కనిపిస్తాయి, గేటు తీసుకుని లోపలికొచ్చినవాడి మొహం మాత్రం తెలియదు. దొంగతనం జరిగాక ఫుటేజీ చూడమని నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువగా చూసింది ఇదే. మనిషి ఉంటాడు, ఎవరో పోల్చుకోలేం.

తణుకులో అమ్మ ఇంటికి మూడు చాలు. గేటుకొకటి, వీధి గుమ్మానికొకటి, పెరటి తలుపూ డాబా మెట్లూ కలిసొచ్చేలా ఒకటి. మన ఇంట్లోకి ఎవరు రావాలన్నా ఈ మూడు దారుల్లో ఏదో ఒకటి దాటాలి.

ఇప్పుడు లెన్సు సంగతి. కెమెరా డబ్బా మీద 2.8, 3.6, 6 ఎంఎం అని అంకెలుంటాయి. అంకె చిన్నదైతే వెడల్పుగా చూస్తుంది, పెద్దదైతే ఇరుగ్గా, దూరంగా చూస్తుంది. షాపులో అందరూ 2.8 ఇచ్చేస్తారు, బొమ్మ విశాలంగా కనిపిస్తే కొన్నవాళ్లకి సంతోషంగా ఉంటుంది కాబట్టి. ఒక చిన్న లెక్క చెప్తాను, ఓపిగ్గా చదువు. ముక్కూమొహం తెలియని మనిషిని పోల్చుకోవాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకి 250 చుక్కలు పడాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2 మెగాపిక్సెల్ కెమెరాకి అడ్డంగా ఉండేవి 1920 చుక్కలు. అంటే సుమారు ఏడున్నర మీటర్ల వెడల్పు దాకానే మొహం తెలుస్తుంది. 2.8 లెన్సుకి పది అడుగుల లోపే ఆ వెడల్పు వచ్చేస్తుంది. అక్కడి నుంచి అవతల మనిషి నడక, చొక్కా రంగు తెలుస్తాయి తప్ప మొహం తెలియదు. 4 మెగాపిక్సెల్ తీసుకుంటే ఇంకో మూడడుగులు కలిసొస్తుంది, అంతే. అదే 6 ఎంఎం లెన్సయితే 2 మెగాపిక్సెల్‌తోనే దగ్గర దగ్గర పాతిక అడుగుల దాకా పనికొస్తుంది.

అందుకని వరండా స్తంభానికి 6 ఎంఎం పెట్టి గేటు వైపు తిప్పిద్దాం. గుమ్మం దగ్గరా పెరట్లోనూ 2.8 సరిపోతుంది. ఎత్తు ఎనిమిది అడుగులు దాటనివ్వకు. ఎవరి చేతికీ అందకూడదని పన్నెండు అడుగుల మీద పెడితే నడినెత్తి, టోపీ తప్ప ఏమీ కనపడవు.

రాత్రి బొమ్మ గురించి నువ్వు అడగలేదు గానీ, అసలు పరీక్ష అప్పుడే. చాలా కెమెరాలు చీకట్లో మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వదిలి, నలుపూ తెలుపూ బొమ్మ తీస్తాయి. సాలీడు చేరి కెమెరా ముందే గూడు కడుతుంది. ఆ దారపు పోగు మీద కాంతి పడి, తెర అడ్డంగా తెల్లటి తాళ్లు ఊగుతున్నట్టు కనిపిస్తుంది. గూడు కదిలినప్పుడల్లా ఫోనుకి అలర్టు వస్తుంది. పది అలర్టులు వచ్చాక పదకొండోది ఎవరూ చూడరు. పక్కనే సున్నం వేసిన గోడ ఉంటే దాని మీద పడి తిరిగొచ్చిన వెలుగుకి మిగతా బొమ్మంతా చీకటైపోతుంది. ఈ రెంటికీ మందు ఒకటే, గేటు స్తంభం మీద రాత్రంతా వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. వెలుతురుంటే మంచి కెమెరా ఆ ఇన్‌ఫ్రారెడ్ కాంతి వదలకుండానే రాత్రి కూడా రంగుల్లోనే తీస్తుంది, ఆ బల్బును చూసి దొంగ కూడా ఒకసారి ఆలోచిస్తాడు. ఇక నెలకోసారి పొడి బట్ట కట్టిన కర్రతో బూజు దులపమని అమ్మ దగ్గర పనిచేసే అమ్మాయికి చెప్తే చాలు.

వైఫై కెమెరాలు వద్దు. బెంగళూరు ఫ్లాటులో నీకు బాగానే పనిచేస్తాయి. తణుకులో తాతగారి కాలం నాటి గోడలు, రౌటరు నడిమి గదిలో, గేటు అంత దూరం. సిగ్నల్ వచ్చి పోతూ ఉంటుంది, సరిగ్గా కావాల్సినప్పుడే పోతుంది. కరెంటూ బొమ్మా ఒకే వైరులో వెళ్లే పీఓఈ పద్ధతి పెట్టించు. రికార్డరు, అంటే కెమెరాల బొమ్మలన్నీ దాచే పెట్టె, దాని నుంచి క్యాట్6 అనే నెట్‌వర్క్ వైరు లాగితే కెమెరా దగ్గర వేరే ప్లగ్గు అక్కర్లేదు, 100 మీటర్ల దాకా వెళ్తుంది. వైరు దగ్గర మోసం జరుగుతుంది, జాగ్రత్త. రాగి అని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం అమ్ముతారు. ఒక పోగును బ్లేడుతో గీకి చూడాలి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. ఆ తెల్లది వద్దని కుర్రాడికి ముందే చెప్పు.

గోడ బయట వైరు జాయింటు వేలాడదీసి వదిలేయకూడదు. గోదావరి జిల్లాల వానలకి రెండు సీజన్లలో చిలుం పట్టి బొమ్మ ఆగిపోతుంది. ప్రతి కెమెరా వెనకా జంక్షన్ బాక్స్ ఉండాలి, జాయింటు అందులోకి పోవాలి. గోడ కన్నంలోకి వెళ్లే ముందు వైరు కాస్త కిందికి వంగి పైకి లేవాలి, నీళ్లు వంపులోంచి కారిపోతాయి.

ఇన్వర్టరు ఉంది కదా అనుకోకు. దాని లైను ఇప్పుడు ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఉంది. రికార్డరుతో పాటు రౌటరు కూడా దాని మీదికి రావాలి. రౌటరు ఆగితే కెమెరాలు రికార్డు చేస్తూనే ఉంటాయి, నీ ఫోనులో మాత్రం ఏమీ కనపడదు. కరెంటు పోయిన ప్రతిసారీ నీకు టెన్షన్.

హార్డ్ డిస్కు సీసీ కెమెరాల కోసం చేసినదే తీసుకో, రాత్రింబవళ్లు రాయడానికి మామూలు కంప్యూటరు డిస్కు తట్టుకోదు. సైజు లెక్క కూడా చెప్తాను. ఒక కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకి 21.6 జీబీ అవుతుంది. మూడింటికీ కలిపి సుమారు 65. అంటే 1 టీబీ డిస్కులో పదిహేను రోజులు, 2 టీబీలో నెల. 2 టీబీ తీసుకో. జనం గుమికూడే షాపులూ హాళ్లూ 30 రోజుల ఫుటేజీ ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది. ఇళ్లకి ఆ నియమం లేదు. కానీ బీరువాలో గాజులు పోయిన సంగతి పెళ్లికి వెళ్లబోతూ తీసి చూస్తే గానీ తెలియదు కదా.

రికార్డరు టీవీ కింద పెట్టనివ్వకు. వచ్చినవాడు దాన్నీ పట్టుకుపోతే ఇంకేముంది? నడిమి గది అటక మీద, గాలి ఆడే చోట, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో నువ్వే నెలకోసారి యాప్‌లో చూడు. రేపు పోలీసులకి ఫుటేజీ ఇవ్వాల్సి వస్తే టైము తేడా ఉన్న రికార్డు మీద ప్రశ్నలు పుడతాయి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షను ప్రకారం ఇలాంటి రికార్డుకి సర్టిఫికెట్ కూడా జత చేయాలి. అప్పుడు డిస్కుని ఎవరినీ కదపనివ్వకు.

పాస్‌వర్డ్ దగ్గరే నాకు అన్నిటికన్నా భయం. బిగించే కుర్రాళ్లు తమ ఫోను నంబరుతోనే అకౌంటు తెరిచి, నీకు షేర్ చేసి వెళ్లిపోతారు. అంటే ఇంటి కెమెరాలకి యజమాని వాళ్లు, నువ్వు చుట్టం. అకౌంటు నీ పేరునే, నీ మెయిలుతోనే తెరవాలి. కుర్రాడు గేటు దాటగానే రికార్డరు పాస్‌వర్డ్ మార్చేయాలి. ఓటీపీ అడిగే పద్ధతి ఉంటే అదీ ఆన్ చెయ్యి. 2025లో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు బయటికొచ్చిన సంగతి విన్నావు కదా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోవడమే అక్కడ తలుపు తెరిచింది. 2016లో మిరాయ్ అనే వైరస్ కూడా ఇలాంటి పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రికార్డర్లలో దూరింది. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే సీసీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. అందుకే పేరూ ఊరూ లేని చవక సరుకు వద్దంటున్నాను. తణుకులోనే, జీఎస్టీ బిల్లు ఇచ్చే షాపులో తీసుకో. పాడైతే తీసుకెళ్లడానికి ఒక చోటుంటుంది.

ఇక నువ్వు చివర్లో రాసిన విషయం. హాల్లో ఒకటి, అమ్మ పడకగదిలో ఒకటి పెడదామన్నావు, పడిపోతే తెలుస్తుందని. నీ భయం నాకు అర్థమైంది, నాకూ అదే భయం. కానీ అక్క డెబ్బై ఏళ్లుగా తన ఇంట్లో తన ఇష్టప్రకారం తిరిగిన మనిషి. జడ విప్పుకుని కూర్చున్నా, పక్కింటి వదినతో కష్టం చెప్పుకున్నా, ఎవరో చూస్తున్నారన్న బిడియంతో బతకాల్సి వస్తే ఆ ఇల్లు ఆవిడది కాకుండా పోతుంది. పడకగదిలో వద్దే వద్దు. హాలు సంగతి నువ్వూ నేనూ కాదు, ఆవిడ తేల్చాలి. ఒకే ఇంట్లో ఉండేవాళ్ల ఒప్పుదల లేకుండా లోపల కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది, సుప్రీంకోర్టు అందులో కల్పించుకోలేదు. కోర్టు చెప్పకపోయినా మన మర్యాద మనకుండాలి. పనమ్మాయికి కూడా కెమెరాలు ఎక్కడున్నాయో ముందే చెప్పాలి. పక్కింటి పెరడు బొమ్మలోకి వస్తే సెట్టింగుల్లో ఆ ముక్క నల్లగా మూసేయొచ్చు, మూయించు.

పైగా నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు పడితే కెమెరా ఏం చేస్తుంది? చూసేవాళ్లుంటేనే అది పనికొస్తుంది. దానికి బదులు మెడలో వేసుకునే కాలింగ్ బెల్ బటన్ ఒకటి కొని, గంట పక్కింట్లో మోగేలా పెట్టిద్దాం. ఒక తాళం చెవి వాళ్ల దగ్గర ఉంచుదాం. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ బిగిద్దాం. ఈ మూడింటికీ కలిపి ఒక కెమెరా ఖరీదు కూడా కాదు.

అమ్మ నీ దగ్గరికి వచ్చి రెండు నెలలు ఉండేటప్పుడు పోలీస్ స్టేషనులో ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి అడుగుదాం. తాళం వేసిన ఇంట్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులే ఉచితంగా కెమెరా పెట్టి, ఎవరైనా దూరితే కంట్రోల్ రూముకి తెలిసేలా చేసే ఏర్పాటు అది. ఇప్పుడు అక్కడ నడుస్తోందో లేదో నేను కనుక్కుంటాను.

పని అయ్యాక పూర్తి డబ్బు వెంటనే ఇవ్వొద్దు. రాత్రి తొమ్మిదింటికి నువ్వెప్పుడూ చూడని మనిషిని గేటులోంచి గుమ్మం దాకా మామూలుగా నడిచి రమ్మంటాను. నువ్వు బెంగళూరులో ఫోనులో ఆ ముక్క ఆపి చూడు. మర్నాడు అతన్ని ఇంకో నలుగురితో కలిపి ఫొటో తీసి పంపుతాను. అతనెవరో నువ్వు చెప్పగలిగితే మిగతా డబ్బు ఇచ్చేద్దాం. చెప్పలేకపోతే లెన్సయినా మార్చాలి, కెమెరా తిప్పయినా పెట్టాలి.

వచ్చే ఆదివారం టేపు, నిచ్చెన పట్టుకుని తణుకు వెళ్తున్నాను. స్తంభం నుంచి గేటుకి, అటక నుంచి పెరటికి కొలతలు తీసి పంపుతాను, వాటిని బట్టి ఆర్డరు పెట్టు. ఈలోగా అమ్మకి ఫోన్ చేసి హాలు గురించి అడుగు. వద్దంటే ఇంకోసారి అడగకు.

మీ మావయ్య