బఫర్ చిప్పు అర వోల్టు దగ్గర ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: శీతల గిడ్డంగులలో ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాలను తయారు చేస్తున్నాను. కంట్రోలర్ బోర్డుకూ సెన్సార్ల బోర్డుకూ మధ్య కేబులు పొడవైనందున, ఐ2సీ (చిప్పులు రెండు తీగలపై మాట్లాడుకునే పద్ధతి) తీగలకు రెండు చివర్లా ఒక్కొక్క పీసీఏ9517 బఫర్ (సంకేతాన్ని అటూ ఇటూ అందించే చిప్పు) అమర్చాను. ఆ చిప్పుకు ‘ఏ’ (A), ‘బి’ (B) అని రెండు వైపులున్నాయి; రెండింటి బి వైపులను కేబులుతో కలిపాను. సరఫరా 3.3 వోల్టులు. సెన్సార్లు జవాబివ్వడం లేదు. ఆసిలోస్కోపులో చూస్తే కేబులు మీది లైను సున్నాకు దిగక 0.5 వోల్టు దగ్గరే ఆగుతోంది. చిప్పులను కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నాను. అవి నకిలీవా?
– ఒక పాఠకుడు, చర్లపల్లి, హైదరాబాద్

జవాబు: మీరు చెప్పిన లక్షణం నకిలీ చిప్పుకు గుర్తు కాదు. బి వైపు తాను ఇచ్చే ‘లో’ (తీగను కిందికి లాగినప్పటి తక్కువ వోల్టేజి) దాదాపు 0.5 వోల్టు దగ్గర నిలిచేలా ఆ చిప్పును కావాలనే రూపొందించారు.

ఐ2సీ తీగను ఏ చివరనున్న పరికరమైనా కిందికి లాగవచ్చు. ఇప్పుడు లాగుతున్నది ఎవరో చెప్పే తీగ వేరే లేదు. బఫర్ రెండు వైపులా పూర్తి ‘లో’ ఇస్తుందని అనుకోండి. ‘ఏ’ (A) వైపు ఎవరో లాగగానే అది బి వైపును లాగుతుంది, ఆ ‘లో’ను తానే చూసి మళ్లీ ‘ఏ’ (A) వైపును లాగుతుంది, దాంతో మొదట లాగిన పరికరం వదిలేసినా రెండు వైపులూ ఒకదాన్నొకటి పట్టుకొని ఎప్పటికీ కిందనే ఉండిపోతాయి. అందుకే బి వైపు తాను 0.5 వోల్టు ఇస్తూ, బయటినుంచి దాదాపు 0.4 వోల్టుకు దిగువన వచ్చినదాన్నే ‘లో’గా ఒప్పుకుంటుంది. ఈ చిన్న తేడాతోనే అది తన ‘లో’ను పరాయి ‘లో’నుంచి వేరు చేసుకోగలుగుతోంది.

మీ బోర్డులో జరిగిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. ఒక బి వైపు ఇచ్చే 0.5 వోల్టును ఎదుటి బి వైపు ‘లో’గా గుర్తించదు కనుక కబురు కేబులు దాటడం లేదు. రెండు చిప్పులనూ తిప్పి, వాటి ‘ఏ’ (A) వైపులను కేబులుకు కలపండి. ‘ఏ’ (A) వైపుకు ఈ ఆఫ్‌సెట్ (‘లో’ను 0.5 వోల్టు దగ్గర నిలిపే ఏర్పాటు) లేదు. తన సరఫరాలో 30 శాతం వరకు, అంటే మీ బోర్డులో 0.99 వోల్టు వరకు, ‘లో’గానే తీసుకుంటుంది.

అప్పుడు కంట్రోలరూ సెన్సార్లూ బి వైపుకు వస్తాయి, వాటి ‘లో’ 0.4 వోల్టుకు దిగువన ఉండాలి కాబట్టి పుల్-అప్ రెసిస్టర్ల (తీగను సరఫరా వైపు పైకి లాగి ఉంచేవి) విలువ చూసుకోవాలి. 3 మిల్లీ ఆంపియర్ల వద్ద 0.4 వోల్టు ఇచ్చే పరికరం సుమారు 133 ఓమ్‌ల నిరోధంలా పనిచేస్తుందనుకుంటే, 3.3 వోల్టులకు 1 కిలో ఓమ్ పుల్-అప్‌తో అది 0.39 వోల్టు వరకే దిగగలదు. అంత అంచున నడపడం ప్రమాదం. 4.7 కిలో ఓమ్‌లు పెడితే 0.09 వోల్టుకు దిగుతుంది. 1.8 వోల్టుల పరికరాలను మాత్రం బి వైపున పెట్టవద్దు: వాటి ‘లో’ హద్దు 0.54 వోల్టు కాగా, ఈ ఆఫ్‌సెట్ 0.6 వరకు పోవచ్చు.

మార్పు చేశాక కంట్రోలర్ దగ్గర డేటా లైనును మరొకసారి స్కోపులో చూడండి. చిరునామా బిట్లలో లైను సున్నాకు దగ్గరగా దిగి, వాటి తర్వాత సెన్సార్ జవాబిచ్చే తొమ్మిదో క్లాకు వద్ద 0.5 వోల్టు దగ్గర నిలిస్తే, ఆ ‘లో’ బఫర్ గుండా సెన్సార్ నుంచి వచ్చిన జవాబే.